కలెక్టర్ ఒక్కడు దగ్గరైతే చాలదు.. లడఖ్‌కు నిర్ణయం దగ్గర కావాలె

లడఖ్ అంటే మన ఊర్ల పోరగాండ్లకు రెండు గుర్తుకొస్తయి. ఒకటి, బుల్లెట్ బండ్ల మీద కొండలెక్కే రీల్స్. రెండోది, సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయల చైనా సైనికులతోని జరిగిన కొట్లాటల ఆయనతో కలిపి 20 మంది మన జవాన్లు పానాలిచ్చిన్రు. సూర్యాపేటకు ఆ లోయ ఎంత దూరమో ఆ రోజు దాకా మనల ఎవ్వరం లెక్కేసుకోలేదు.

ఈ రెండింటి నడుమ మనకు కనిపించని సంగతి ఒకటున్నది. ఆ కొండలల్ల మనుషులుంటరు. వాళ్లకూ భూమి పట్టా కావాలె, పోరగాండ్లకు కొలువు కావాలె, దవాఖానకు తొవ్వ కావాలె. 2025 సెప్టెంబర్ 24న లేహ్ పట్నంల వాళ్లే రోడ్డెక్కిన్రు. సెప్టెంబర్ 10 నుంచి నిరాహార దీక్ష నడుస్తుండె. దీక్షల ఉన్న ఇద్దరి ఆరోగ్యం చెడి దవాఖానల వడ్డరు. తెల్లారి బంద్‌కు పిలుపిచ్చిన్రు. రాళ్లు పడ్డయి, బీజేపీ ఆఫీసు కాలవడ్డది, పోలీసు కాల్పులు జరిగినయ్. నలుగురు చచ్చిపోయిన్రు. అందుల ఒకాయన కార్గిల్ యుద్ధంల పోరాడిన మాజీ సైనికుడు. రెండు రోజులకు సోనమ్ వాంగ్‌చుక్‌ను జాతీయ భద్రతా చట్టం కింద అరెస్టు చేసి రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జైలుకు తీస్కపోయిన్రు.

నాకు ఒక్కటే ప్రశ్న వచ్చింది. దేశం కోసం తుపాకి పట్టినాయన, అదే దేశపు పోలీసుల ముంగట నిలబడే దాకా పరిస్థితి ఎట్ల వచ్చింది? టీవీల దీనికి ఎవరికి నచ్చిన జవాబు వాళ్లు చెప్పిన్రు. ఒకలు విదేశీ కుట్ర అన్నరు, ఇంకొకలు నియంతృత్వం అన్నరు. నేనైతే మొదలు పటం తెరిచి చూడాలె అంటున్న. లడఖ్ గొడవకు సగం జవాబు ఆ కొండల ఎత్తుల, ఆ ఊర్ల దూరంల ఉన్నది. మిగిలిన సగం, ఆ దూరాన్ని లెక్కల పెట్టుకోని పాలనల ఉన్నది.

సగం తెలంగాణ అంత భూమి.. ఒక నియోజకవర్గమంత జనం

మన చేతిల ఉన్న లడఖ్ విస్తీర్ణం 59,146 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ 1,12,077. అంటే మన రాష్ట్రంల సగం కంటే కొంచెం ఎక్కువే. జనం మాత్రం 2011 లెక్కల ప్రకారం 2,74,289 మంది. మనకాడ ఒక్క అసెంబ్లీ నియోజకవర్గంల ఉండే ఓటర్ల సంఖ్యకు అటుఇటు. మన దగ్గర చదరపు కిలోమీటరుకు 300 మందికి పైన ఉంటే అక్కడ ఐదుగురు కూడా లేరు.

ఇంత భూమికి మొన్నటి దాకా జిల్లాలు రెండే. లేహ్, కార్గిల్. లేహ్ జిల్లా ఒక్కటే 45,110 చదరపు కిలోమీటర్లు. మన 33 జిల్లాలల్ల ఒక్కో జిల్లా సగటున 3,400 చదరపు కిలోమీటర్లు ఉంటది. ఆ లెక్కన మన 13 జిల్లాలు కలిపితే ఒక్క లేహ్. ఆ 13 జిల్లాలకు ఒక్క కలెక్టరే ఉంటే ఎట్లుంటదో అనుకోండ్రి. మధ్యల బస్సులు నడిచే సాఫు రోడ్లు కూడా లేవనుకోండ్రి.

పాత ఆదిలాబాద్ జిల్లావోళ్లకు ఈ బాధ కొంతైనా ఎరుక. మాది ఆ దిక్కే. 2016 అక్టోబర్ 11 దాకా బెజ్జూరు నుంచి, చెన్నూరు నుంచి కలెక్టర్ ఆఫీసుకు పోయి రావాలంటే ఒక రోజు కూలి పోయేది. పని కాకపోతే ఇంకో రోజు. మా జిల్లా 16 వేల చదరపు కిలోమీటర్లు ఉండె. దాన్ని నాలుగు జిల్లాలు చేసిన్రు. లేహ్ దానికి దగ్గర దగ్గర మూడింతలు. ఇంకో తేడా ఏందంటే, మాకు అడ్డం వచ్చేది వాగు, వానకాలంల నాలుగు రోజులు. వాళ్లకు అడ్డం వచ్చేది కొండ, ఏడాదిల నెలల తరబడి.

కొండ చెప్పినట్టే బతుకు

లేహ్ పట్నం ఉన్నదే 11,500 అడుగుల ఎత్తుల. అది అక్కడ కింది ఊరు. అక్కడి నుంచి నుబ్రా లోయకు పోవాలంటే ఖర్దుంగ్ లా దాటాలె, 17,582 అడుగులు. ‘లా’ అంటే కనుమ. పాంగాంగ్ సరస్సు దాదాపు 14 వేల అడుగుల మీద ఉంటది. చాంగ్‌తాంగ్ మైదానంల పశువులు మేపెటోళ్లు అంతకంటే ఎత్తుల డేరాలేసుకొని బతుకుతరు. విమానం దిగిన టూరిస్టును రెండు రోజులు రూమ్‌ల పండుకొమ్మని డాక్టర్లు చెప్తరు. ఎందుకంటే ఆ ఎత్తుల గాలి పలచన, పెయ్యి అలవాటు పడాలె.

హిమాలయాలు దాటంగనే రుతుపవనాలు ఆగిపోతయి. లేహ్‌ల ఏడాదికి పడే వాన సుమారు 100 మిల్లీమీటర్లు. మనకాడ 900 మిల్లీమీటర్లు పడ్డా కాలం కాలేదంటం. మరి అక్కడ బార్లీ, గోధుమ, జల్దారు పండ్లు ఎట్ల పండుతున్నయ్? కొండ మీది మంచు కరిగి వచ్చే నీళ్లతోని. ఎండాకాలం పొద్దంత కరిగిన నీళ్లు చిన్న కాలువల గుండ దిగుతయి. ఎవల మడికి ఎప్పుడు నీళ్లు అన్నది ఊరు పెట్టిన మనిషి చూస్తడు. ఆయన్ను చుర్‌పోన్ అంటరు. మన ఊర్ల చెరువు తూము కాడ నీరటి ఎట్లనో, అక్కడ చుర్‌పోన్ అట్ల. ఊరి పెద్దను గోబా అంటరు. నీళ్ల పంచాది కోర్టు దాకా పోకుండ ఊర్లనే తెగుతది. అంత తక్కువ నీళ్లతోని వందల ఏండ్లు బతికిన్రంటే, సొంతంగ పాలించుకునుడు వాళ్లకు కొత్తగ నేర్పాల్సిన పని లేదు.

చలికాలం ఇంకో లెక్క. ద్రాస్‌ల, చాంగ్‌తాంగ్‌ల సున్నాకు 20 డిగ్రీల కిందికి పోతది. శ్రీనగర్ నుంచి వచ్చే రోడ్డుకు జోజిలా కనుమే గేటు. ఒకప్పుడు అది ఐదారు నెలలు మూతపడేది. ఈ మధ్య బీఆర్‌ఓవాళ్లు మంచు తోడి దాన్ని నెల, రెండు నెలలకు తగ్గించిన్రు. ఈ కనుమ కింద 13 కిలోమీటర్లకు పైన పొడుగు సొరంగం పని 2020 అక్టోబర్‌ల మొదలైంది. కాంట్రాక్టు దక్కింది మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజనీరింగ్‌కే. సొరంగం వస్తే మస్తు మారుతది, అందుల అనుమానం లేదు.

జన్స్కార్ లోయ సంగతి చూడండ్రి. కార్గిల్ నుంచి దాని పెద్దూరు పదుమ్‌కు 230 కిలోమీటర్లకు పైనే, నడుమ పెన్సి లా కనుమ. చలికాలంల తొవ్వ మూసుకుంటే, గడ్డకట్టిన జన్స్కార్ నది మీద రోజుల తరబడి నడిచి లేహ్ దిక్కు వచ్చేటోళ్లు. మన దిక్కు జనం దాన్ని చాదర్ ట్రెక్ అని పైసలిచ్చి నడిచి ఫొటోలు దిగుతరు. ఆ ఊరోళ్లకు అది దవాఖానకు, బడికి పోయే తొవ్వ. 2024ల నిమ్ము-పదుమ్-దార్చా రోడ్డు కలిసినంక కొంత తిప్పలు తగ్గింది.

రెండు జిల్లాల నుంచి యూటీ దాకా

లడఖ్ స్వాతంత్య్రానికి ముందు నుంచే జమ్మూకశ్మీర్ల భాగం. 1979ల దాన్ని లేహ్, కార్గిల్ అని రెండు జిల్లాలు చేసిన్రు. మా పైసలు శ్రీనగర్ల ఆగుతున్నయ్, మా కొలువులు వేరేటోళ్లకు పోతున్నయ్ అని లేహ్ జనం ఏండ్ల తరబడి కొట్లాడిన్రు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న మాట మీద పెరిగిన మనకు ఆ బాధ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఆ కొట్లాట ఫలితమే 1995ల లేహ్‌కు వచ్చిన అటానమస్ హిల్ కౌన్సిల్. కార్గిల్‌కు 2003ల వచ్చింది. ఒక్కో కౌన్సిల్‌కు 30 మంది సభ్యులు. 26 మందిని జనం ఎన్నుకుంటరు, నలుగురిని నామినేట్ చేస్తరు. జిల్లా ప్రణాళిక, భూమి వాడకం, కొన్ని స్థానిక పన్నులు కౌన్సిల్ చూసుకోవాలె. చట్టం చేసే అధికారం మాత్రం ఇయ్యలే.

2019 ఆగస్టుల పార్లమెంటు జమ్మూకశ్మీర్‌ను రెండు ముక్కలు చేసింది. అక్టోబర్ 31 నుంచి లడఖ్ కేంద్రపాలిత ప్రాంతం. లేహ్‌ల పండుగ చేసుకున్నరు, కార్గిల్ల నల్లజెండాలు పట్టిన్రు. లేహ్‌ల బౌద్ధులు ఎక్కువ, కార్గిల్ల ముస్లింలు ఎక్కువ. రెండు దిక్కుల నడుమ అనుమానాలు పాతవే.

అయితే యూటీ వచ్చినంక ఏం పోయిందో లేహ్‌కు మెల్లగ అర్థమైంది. అంతకుముందు లడఖ్ నుంచి జమ్మూకశ్మీర్ అసెంబ్లీకి నలుగురు ఎమ్మెల్యేలు పోయేటోళ్లు. ఇప్పుడు సున్నా. లడఖ్ యూటీకి అసెంబ్లీయే లేదు. ఢిల్లీకి, పుదుచ్చేరికి ఉన్నది, దీనికి లేదు. సగం తెలంగాణ అంత భూమికి పార్లమెంటుల ఒక్క ఎంపీ. పాలన లెఫ్టినెంట్ గవర్నర్, ఆయన కింద బయట నుంచి వచ్చే ఆఫీసర్లు, పైన కేంద్ర హోంశాఖ. హిల్ కౌన్సిళ్లు ఉన్నయ్ గాని, కేంద్రం ఏటా ఇచ్చే వేల కోట్లల్ల పెద్ద భాగం యూటీ సెక్రటేరియట్ చేతుల మీదుగనే ఖర్చు అయితది. ముందట శ్రీనగర్ దూరమని ఏడ్చిన్రు. ఇప్పుడు ఢిల్లీ ఇంకింత దూరమైంది. శ్రీనగర్‌ల అడుగుటానికి కనీసం ఎమ్మెల్యే ఉండె.

ఆ తర్వాత జరిగిందే అసలు వార్త అని నేనంట. లేహ్ అపెక్స్ బాడీ, కార్గిల్ డెమొక్రటిక్ అలయెన్స్ ఒక్కటైనయ్. 2019ల ఒకలు స్వీట్లు పంచి, ఇంకొకలు నల్లజెండాలు ఎత్తినోళ్లు నాలుగు డిమాండ్ల మీద కలిసి నిలబడ్డరు. రాష్ట్ర హోదా, రాజ్యాంగం ఆరో షెడ్యూల్ రక్షణ, సొంత పబ్లిక్ సర్వీస్ కమిషన్, లేహ్‌కు ఒకటి కార్గిల్‌కు ఒకటి చొప్పున రెండు ఎంపీ సీట్లు. మతం పేరు మీద ఊర్లు చీలుతున్న కాలంల ఇది చిన్న ముచ్చట కాదు.

ఐదు కొత్త జిల్లాలు.. మంచిదే గాని

2024 ఆగస్టు 26న కేంద్రం ఐదు కొత్త జిల్లాలు ప్రకటించింది. జన్స్కార్, ద్రాస్, షామ్, నుబ్రా, చాంగ్‌తాంగ్. పాత రెండు కలిపితే ఏడు. పటం చూస్తే ఇది తెలివైన పనే. ఒక్కో పేరు ఒక్కో లోయ, ఒక్కో తీరు బతుకు. నుబ్రా సియాచిన్ దిక్కు. అందులనే 1971 యుద్ధంల మన చేతికొచ్చిన తుర్తుక్ ఊరు. చాంగ్‌తాంగ్ చైనా దిక్కు ఉన్న పీఠభూమి, పష్మీనా మేకల సీమ. ద్రాస్ 1999 యుద్ధం నడిచిన చోటు. లేహ్ నుంచి 250 కిలోమీటర్ల దాకా ఉన్న హాన్లే రైతు ఒక సర్టిఫికెట్ కోసం రెండు రోజులు ఎందుకు తిరగాలె?

కొత్త జిల్లాతోని ఏం వస్తదో మనకు ఎరుక. కలెక్టరేట్ వస్తది, ఎస్పీ ఆఫీసు వస్తది, దవాఖాన పెద్దగైతది, పట్నంల కిరాయిలు పెరుగుతయ్. ఏం రాదో కూడా మనకు ఎరుక. కలెక్టర్ దగ్గరికి వచ్చినంత మాత్రాన నిర్ణయం దగ్గరికి రాదు. కలెక్టర్ పైనోళ్ల మాట అమలుజేసే ఆఫీసర్. ఎవల భూమిల ఏం కట్టాలె, ఏ కొలువు ఎవలకు అన్నది ఆయన తెంపడు. లడఖ్‌ల ఏడుగురు కలెక్టర్లున్నా అందరూ చూసేది ఒక్క దిక్కే, రాజ్‌నివాస్ దిక్కు.

ఇంకో చిక్కు ఉన్నది. హిల్ కౌన్సిళ్లు రెండు జిల్లాలకు తగ్గట్టు కట్టినయ్. ఏడు జిల్లాలైతే కౌన్సిల్ ఎక్కడ కూసోవాలె? జన్స్కార్‌కు, నుబ్రాకు సొంత కౌన్సిల్ ఉంటదా, లేక కార్గిల్, లేహ్ కౌన్సిళ్ల కిందనే ఉండాల్నా? జిల్లాలు ఇచ్చేటప్పుడే ఈ జవాబు కూడా ఇయ్యాలె. ఆఫీసర్ల కుర్చీలు ఏడు చేసి, జనం ఎన్నుకున్నోళ్ల కుర్చీలు రెండు కాడ్నే ఆపితే పాలన దగ్గరైనట్టు కాదు.

హాన్లేల ఒక పెద్ద టెలిస్కోప్ ఉన్నది, దాదాపు 4,500 మీటర్ల ఎత్తుల. దాన్ని బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచి శాటిలైట్ లింకుతోని నడుపుతరు. టెలిస్కోప్‌ను అంత దూరం నుంచి నడపొచ్చు. కింది ఊరి మేత బీడు పంచాది అట్ల తెగదు.

ఆరో షెడ్యూల్ అంటే ఏంది?

మన ఏజెన్సీ ఏరియాలు రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికి వస్తయి. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ఐటీడీఏలు, 1/70 చట్టం ఆ దారిల వచ్చినయే. ఏజెన్సీల భూమి ఆదివాసీ నుంచి గిరిజనేతరుకు పోవద్దని ఆ చట్టం చెప్తది. అయితే ఐదో షెడ్యూల్ల అధికారం గవర్నర్‌ది, ప్రభుత్వానిది. ఆదివాసీ సలహా మండలి సలహా చెప్తది అంతే.

ఆరో షెడ్యూల్ వేరు. అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరంల 10 స్వయంప్రతిపత్తి కౌన్సిళ్లు దీని కింద నడుస్తున్నయ్. జనం ఎన్నుకున్న కౌన్సిల్ భూమి మీద, రిజర్వు కాని అడవి మీద, ఊరి పాలన మీద, వారసత్వం, ఆచారాల మీద సొంతంగ చట్టం చేయొచ్చు. గవర్నర్ ఒప్పుకోవాలె గాని మొదలువెట్టేది కౌన్సిలే. కొన్ని పన్నులు వేసుకోవచ్చు, ఊరి కోర్టులు పెట్టుకోవచ్చు.

లడఖ్ జనంల 97 శాతానికి పైన గిరిజనులే. జాతీయ ఎస్టీ కమిషన్ 2019 సెప్టెంబర్లనే దీన్ని ఆరో షెడ్యూల్ కిందికి తేవాలని కేంద్రానికి సిఫారసు చేసింది. అంటే ఇది రోడ్డు మీద పుట్టిన డిమాండ్ ఒక్కటే కాదు, సర్కారు కమిషన్ చెప్పిన మాట కూడా.

కేంద్రం ఏమీ చేయలేదనుడు సరి కాదు. 2025 జూన్ల కొత్త నిబంధనలు తెచ్చిన్రు. కొలువులల్ల స్థానికులకు 85 శాతం రిజర్వేషన్. 2019 అక్టోబర్ 31 నుంచి లెక్కపెట్టి 15 ఏండ్లు ఉన్నోళ్లకే స్థానికత, అంటే కొత్తగ వచ్చినోళ్లకు 2034 దాకా తలుపు మూసినట్టే. హిల్ కౌన్సిళ్లల్ల మూడోవంతు సీట్లు ఆడోళ్లకు. ఇంగ్లిష్, హిందీ, ఉర్దూతోపాటు భోటి, పుర్గి అధికార భాషలు. ఇవి మంచివే. అయితే అందుల భూమి గురించి లేదు. చట్టం చేసే అధికారం గురించి లేదు.

ఇక్కడ మనకు ఒక పాఠం యాదికి రావాలె. 2000ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారు జీవో నంబర్ 3 తెచ్చి ఏజెన్సీ బడులల్ల టీచర్ కొలువులు స్థానిక ఆదివాసీలకే ఇయ్యాలన్నది. 20 ఏండ్లు నడిచింది. 2020 ఏప్రిల్ల సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. డీఎడ్, బీఎడ్ చదివి కూసున్న ఆదివాసీ పోరగాండ్ల నోటికాడి బుక్క పోయింది. పైనుంచి ఇచ్చిన ఉత్తర్వుకు ఎంత బలముంటదో మనం కండ్లార చూసినం. అందుకే లడఖ్ యువత నిబంధనలతోని తృప్తి పడుతలేదు, రాజ్యాంగంల రాసిన రక్షణ అడుగుతున్నది. వాళ్ల అనుమానం నాకైతే పిచ్చిదనిపిస్తలేదు.

సరిహద్దును కాసేది మేకల కాపరి

కేంద్రం దిక్కు నుంచి ఒక బలమైన మాట వస్తది. ఒక దిక్కు చైనా, ఇంకో దిక్కు పాకిస్తాన్, అసొంటి చోట మూడు లక్షల మందికి రాష్ట్రం ఇస్తే ఎట్ల, ఆర్మీ రోడ్డు వేయాలంటే కౌన్సిల్ పర్మిషన్ కోసం ఆగాల్నా అని. ఈ మాటను కొట్టిపారేయొద్దు, జవాబు చెప్పాలె.

1999 మేల కార్గిల్ కొండల్ల చొరబాటుదార్లు ఉన్నరని మొదట సైన్యానికి చెప్పినోళ్లల్ల తాషీ నామ్‌గ్యాల్ అనే పశువుల కాపరి ఒకడు. తప్పిపోయిన జడల బర్రెను దేవులాడుకుంట కొండెక్కితే కొత్త మనుషులు కనవడ్డరు. వచ్చి చెప్పిండు. ఆయన 2024 డిసెంబర్ల కాలం చేసిండు. 2024 మొదట్ల చుశూల్ దిక్కు కాపరులు మేకలు తోలుకపోయి, అడ్డం వచ్చిన చైనా సైనికులతోని ఇది మా మేత బీడు అని కొట్లాడిన వీడియో మీరు కూడా చూసే ఉంటరు. చేతుల తుపాకి లేదు. సరిహద్దు చర్చలల్ల ‘ఇక్కడ మా మనుషులు తరతరాల నుంచి పశువులు మేపుతున్నరు’ అనుడు పెద్ద సాక్ష్యం. ఆ సాక్ష్యం చెప్పే మనిషి అక్కడ బతికి ఉండాలె గదా.

ఆ బతుకు ఇప్పుడు రెండు దిక్కుల నుంచి నలుగుతున్నది. 2020 తర్వాత రెండు సైన్యాలు వెనక్కి జరిగిన చోట్ల బఫర్ జోన్లు పెట్టిన్రు. పాంగాంగ్, హాట్ స్ప్రింగ్స్ దిక్కు పాత మేత బీళ్లు కొన్ని అందులకు పోయినయ్. ఇంకో దిక్కు పాంగ్ ప్రాంతంల 13 గిగావాట్ల సోలార్, గాలి కరెంటు ప్రాజెక్టు. ఆ కరెంటును 713 కిలోమీటర్ల లైన్లతోని హర్యానాలోని కైథల్ దాకా తెచ్చేటందుకు 20,773 కోట్ల రూపాయలకు పైన ఖర్చుతోని కేంద్రం 2023 అక్టోబర్ల ఓకే చెప్పింది. దేశానికి ఆ కరెంటు కావాలె, నేను కాదన. అయితే అది చాంగ్‌పా కాపరులు పష్మీనా మేకలు మేపే సీమ. కొత్తోళ్ల కంటికి అది ఖాళీ ఎడారి తీరు కనవడతది. కాపరికి మాత్రం ఏ నెలల ఏ గడ్డి ఎక్కడుంటదో లెక్క ఉంటది. ఆ భూమి ఇయ్యాల్నా, ఎంత ఇయ్యాలె, బదులు మేత ఎక్కడ అన్నది తేల్చే తావుల కాపరికి చోటు ఉన్నదా? ఇప్పుడున్న పద్ధతిల ఆయన వినతిపత్రం ఇయ్యగలడు, అంతే.

మేత పోతే కాపరి మేకలమ్ముకొని లేహ్ పట్నానికి వచ్చి టాక్సీ నడుపుతడు, హోటల్ల గిన్నెలు కడుగుతడు. ఊరు ఖాళీ అయితది. సరిహద్దు ఊర్లు ఖాళీ అయితున్నయనే కదా కేంద్రం 2023ల 4,800 కోట్లతోని వైబ్రంట్ విలేజెస్ పథకం తెచ్చింది. తొలి విడత 662 ఊర్లల్ల లడఖ్‌వి 35. రోడ్డు వేసి, కరెంటిచ్చి, సెల్ టవర్ పెట్టి ఊరోళ్లను ఆపాలని చూస్తున్నరు. మంచి ఆలోచన. అయితే రోడ్డు ఊర్లెకు సామాను తెస్తది, అదే రోడ్డు మనుషులను బయటికి కూడా తీస్కపోతది. మనిషి ఆగేది ఆ భూమి మీద తన మాట చెల్లినప్పుడే. కౌన్సిల్‌కు అధికారం ఇస్తే భద్రత తగ్గుతదన్న మాటకు నా జవాబు ఇదే. సైన్యం అవసరాలకు వేరే చట్టాలున్నయ్, రక్షణ కేంద్రం చేతిలనే ఉంటది. ఆరో షెడ్యూల్ ఉన్న మిజోరం కూడా మయన్మార్, బంగ్లాదేశ్ సరిహద్దుల మీదనే ఉన్నది.

మంత్రం కాదు, మొదటి మెట్టు

ఆరో షెడ్యూల్ వస్తే అన్నీ సాఫ్ అయితయని నేను చెప్త లేను. ఈశాన్యంల చాలా కౌన్సిళ్లు నిధుల కోసం రాష్ట్ర సర్కారు దిక్కు చేతులు చాచి చూస్తయి. కొన్ని చోట్ల పెత్తనం నాలుగు కుటుంబాల చేతిల పడ్డది. లడఖ్‌లనే ప్రశ్నలున్నయ్. హోటళ్లు కట్టుకున్న లేహ్ పెద్దలు, గొర్లు మేపే చాంగ్‌తాంగ్ పేదోళ్లు ఒకటే కాదు. కొన్ని ఏండ్లల్ల అక్కడికి వచ్చిన టూరిస్టుల సంఖ్య స్థానిక జనం కంటే ఎక్కువ. ఆ నీళ్ల భారం, ఆ చెత్త భారం ఎవరు మొయ్యాలె అన్నది రేపు వాళ్ల కౌన్సిలే తేల్చుకోవాలె. అది తప్పు చేస్తే ఐదేండ్లకు ఒకసారి దించే ఓటు జనం చేతిల ఉంటది. ఎల్జీని దించే ఓటు వాళ్లకు లేదు.

కాబట్టి కొత్త జిల్లాలకు, యూటీకి, రేపు వచ్చే ఏ ఒప్పందానికైనా నేను ఒకటే కొలత పెడుత. చాంగ్‌తాంగ్ల ఒక మేత బీడు మీద ప్రాజెక్టు వస్తే, దాన్ని ఆపేటందుకో, షరతులు పెట్టేటందుకో ఆ జనం ఎన్నుకున్న మనిషికి చట్టం ప్రకారం అధికారం ఉన్నదా లేదా? ఉంటే లడఖ్‌కు ఏదో దక్కినట్టు. లేకుంటే ఏడు కలెక్టరేట్లు కట్టినా కొత్త బిల్డింగులు వచ్చినయనే చెప్పుకోవాలె.

మనం జిల్లాల కోసం, రాష్ట్రం కోసం కొట్లాడి తెచ్చుకున్నోళ్లం. మన ఏజెన్సీల పోడు పట్టాల పంచాది, జీవో 3 పంచాది ఇంకా ఒడువలేదు. అందుకే లడఖ్ ముచ్చట మనకు పరాయిది కాదు. వచ్చే ఎండాకాలం మీల ఎవలైనా బండేసుకొని ఖర్దుంగ్ లా ఎక్కితే, పైన బోర్డు కాడ ఫొటో దిగుండ్రి, తప్పులేదు. కిందికి దిగినంక చాయ్ హోటల్ల కూసున్న ఆ ఊరి పిల్లగాన్ని పలకరించి, మీ ఎమ్మెల్యే ఎవలు తమ్మీ అని అడుగుండ్రి. ఆయన చెప్పే జవాబుల ఈ పంచాదంత ఉంటది.